కొద్దిమంది కోసం తీసేవీ బతకాలి

1979 ఏప్రిల్‌లో జపాన్ టీవీలో ‘మొబైల్ సూట్ గండమ్’ అనే అనిమే (జపాన్ యానిమేషన్) సిరీస్ మొదలైంది. డబ్బు పెట్టింది క్లోవర్ అనే బొమ్మల కంపెనీ. పిల్లలు రోబో చూసి బొమ్మ కొనాలన్నది వాళ్ల లెక్క. దర్శకుడు యోషియుకి తొమినో తీసింది మాత్రం యుద్ధం మనుషుల్ని ఏం చేస్తుందో చెప్పే కథ. అందులో రోబోను నడిపే కుర్రాడు అమురో, ఇక రోబో ఎక్కనని మొండికేస్తాడు. అవతలి పక్షంలోనూ మనుషులే ఉన్నారని మెల్లగా తెలుసుకుంటాడు. రేటింగులు రాలేదు, బొమ్మలూ అనుకున్నట్టు పోలేదు. 52 ఎపిసోడ్లు అనుకున్నది 43తో ముగించేశారు.

ఆ తర్వాత పునఃప్రసారాలతో కుర్రకారు దాన్ని నెత్తిన పెట్టుకుంది. 1980లో బండాయ్ అనే మరో బొమ్మల కంపెనీ ఆ రోబోల ప్లాస్టిక్ మోడల్ కిట్లు తెచ్చింది. 1981 ఫిబ్రవరిలో, గండమ్ సినిమా విడుదలకు ముందు, టోక్యోలోని షింజుకులో వేలమంది అభిమానులు పోగయ్యారు. కొన్నేళ్లుగా గండమ్ పేరు మీద బండాయ్ నామ్‌కో ఏటా పది వేల కోట్ల యెన్లకు పైగా వ్యాపారం చేస్తోంది. నిలవదని చేతులు దులుపుకున్న కథ ఇది!

2023లో అనిమే మార్కెట్ దాదాపు 3.3 లక్షల కోట్ల యెన్లకు చేరింది. అందులో సగానికి పైగా విదేశాలదే. ‘డీమన్ స్లేయర్’ కొత్త సినిమా 2025లో మన థియేటర్లలో తెలుగులోనూ ఆడింది. అందరికీ నచ్చే అనిమే రావడం మాకు నిజంగా సంతోషమే. అయితే ఆ సినిమాకు మూలమైన టీవీ సిరీస్ కూడా 2019లో అర్ధరాత్రి దగ్గరపడే వేళ ప్రసారమైనదేనని గుర్తుంచుకోవాలి.

ఆ అర్ధరాత్రి స్లాట్లే తొంభైల చివరి నుంచి అనిమేకు ప్రయోగశాల అయ్యాయి. పబ్లిషర్లు, మ్యూజిక్ కంపెనీలు, టీవీ సంస్థలు ప్రొడక్షన్ కమిటీగా ఏర్పడి పెట్టుబడి పంచుకునేవి. ఆ సిరీస్‌లను వీడియో డిస్కులుగా అమ్మేవారు: ఒక డిస్కులో రెండే ఎపిసోడ్లు, ధర ఆరేడు వేల యెన్లు. అంత పోసి కొనే అభిమానులు కొన్ని వేలమంది ఉంటే చాలు, సిరీస్ గట్టెక్కేది. 2005లో ‘ముషిషి’ అలాంటి వేళలోనే వచ్చింది. గింకో అనే బాటసారి ఊరూరా తిరుగుతాడు, కంటికి కనపడని జీవులతో చిక్కుల్లో పడ్డవాళ్లకు సాయం చేస్తాడు. విలన్ లేడు, ఫైటింగ్ లేదు. అలాంటి కథను పగలు ఎవరు వేస్తారు?

ఇప్పుడు డిస్కుల అమ్మకాలు పడిపోయాయి. ఆ ఖాళీని స్ట్రీమింగ్ హక్కుల డబ్బు పూడుస్తోంది. ఆ డబ్బు పెట్టేవాళ్లకు ఎన్ని దేశాల్లో ఎంతమంది చూస్తారన్నదే ముఖ్యం. అందుకే సీక్వెల్స్, చచ్చి వేరే లోకంలో పుట్టే హీరోల కథలు సీజన్ సీజన్‌కీ వచ్చిపడుతున్నాయి. ఒకదాన్ని చూస్తే ఇంకోదాన్ని చూసినట్టే ఉంటోంది. పైగా కమిటీలో వాటా లేని స్టూడియోకు తీసినందుకు ఇచ్చే సొమ్మే తప్ప, హిట్టయితే వచ్చే లాభంలో పెద్దగా దక్కదు. రేపు సొంతంగా ఒక వింత కథ తీయాలన్నా వాళ్ల చేతిలో డబ్బేదీ?

కమిటీలు స్టూడియోలకు హక్కుల్లో వాటా ఇవ్వాలి. భారీ హిట్ల లాభంలో కొంత భాగాన్ని ఏటా కొన్ని చిన్న సిరీస్‌ల కోసం పక్కన పెట్టాలి, మొదటి వారం లెక్కలు చూసి వాటి పీక నొక్కకూడదు. తెలుగులో డబ్ చేస్తున్న ప్లాట్‌ఫామ్‌లకూ ఒక మాట: కత్తులూ పోరాటాలతో పాటు, సీజన్‌కు ఒక్కటైనా నెమ్మదిగా నడిచే కథను మన భాషలో ఇవ్వండి.