అధ్యక్షులకు కొదవ లేదు

విద్యార్థి సంఘాలకు ఎన్నికలు పెట్టాలని ఇంకా కొందరు అడుగుతూనే ఉన్నారు. వాళ్లకు లెక్కలు రావు. ఎన్నిక పెడితే క్యాంపస్ మొత్తానికి ఒక్కడే అధ్యక్షుడు. పెట్టకపోతే గదికొకడు.

గొడవలవుతున్నాయని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల చివర్లో ఈ ఎన్నికలు ఆపేశారు. దాదాపు అదే రోజుల్లో, 1989లో, దేశమంతటా ఓటు వయసును 21 నుంచి 18కి దించారు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు దేశాన్ని ఎవరు ఏలాలో తేల్చగలడు గానీ, మెస్ సెక్రటరీని ఎన్నుకునేంత బుద్ధి వాడికింకా రాలేదన్నమాట. సబబే. ప్రభుత్వం బాగాలేకపోతే ఐదేళ్లకు మార్చుకోవచ్చు, సాంబారు అలా కాదు.

పైగా ఈ ఎన్నికల వల్ల ప్రమాదాలున్నాయి. వెంకయ్యనాయుడు 1970ల్లో ఆంధ్రా యూనివర్సిటీ కాలేజీల విద్యార్థి సంఘానికి అధ్యక్షుడయ్యారు. ఆ అలవాటు పోక ఉపరాష్ట్రపతి దాకా వెళ్లిపోయారు.

విద్యార్థి సంఘాల ఎన్నికలు ఎలా జరపాలో తేల్చడానికి వేసిన లింగ్డో కమిటీ చెప్పినట్టు నడవమని 2006లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అభ్యర్థి ఖర్చు 5 వేలు దాటకూడదు, పోస్టర్లు చేత్తోనే రాయాలి, హాజరు 75 శాతం ఉండాలి, ప్రచారానికి జంతువులను వాడకూడదు. జంతువుల విషయంలో మా నాయకులకు పేచీ లేదు. హాజరు అనేసరికే ప్రజాస్వామ్యం ప్రమాదంలో పడింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్లు మాత్రం ఓట్లేసుకుని ఆ ఒక్క అధ్యక్షుడితోనే సర్దుకుంటున్నారు, పాపం.

నేను చదివిన చోట ఆ కరువు లేదు. గేటు దగ్గర ఎప్పుడూ ఒక ఫ్లెక్సీ ఉండేది. మధ్యలో నల్ల కళ్లజోడుతో, చెవి దగ్గర ఫోనుతో అన్న. కింద వరుసగా ఎనిమిది పాస్‌పోర్టు ఫొటోలు, ఎనిమిదీ ఉపాధ్యక్షులవే. ఎవరు ఎన్నుకున్నారంటే, ఫ్లెక్సీ కొట్టినవాడే.

ఒకసారి హాస్టల్లో పప్పు నీళ్లలా ఉందని మూడు జేఏసీలు మూడు వినతిపత్రాలిచ్చాయి. మూడోది అన్న వాళ్లది. ఆఫీసులో ఫొటో తీశారు. ఒక్క కాగితాన్ని పన్నెండు చేతులు పట్టుకున్నాయి, తీసుకునే ఆఫీసరు మొహం ఎవరి మోచేతి వెనకో ఉండిపోయింది. గుమస్తా ముద్ర కొట్టి ట్రేలో పడేశాడు. తెల్లారేసరికి ఆ ఫొటో 'మా పోరాట ఫలితం' అంటూ ఫ్లెక్సీ ఎక్కింది.

ఫలితమేంటన్నా అని అడిగాను. భుజం మీద చెయ్యేసి, "ఇన్‌వర్డ్ నంబర్ పడింది తమ్ముడూ, చిన్న విషయమా?" అన్నాడు.

ఆ రాత్రి కూడా మాకు పప్పు నీళ్లలాగే పోశారు. అన్న ప్లేటు వచ్చినప్పుడు మాత్రం వడ్డించేవాడు గరిటెను గిన్నె అడుగు దాకా దించాడు.