మూడు సిలిండర్ల ఇంజిన్ ‘ఒకటి కోసేసిన ఇంజిన్’ కాదు

“నాలుగు సిలిండర్లలో ఒకటి కోసేసి మూడు చేశారు. బ్యాలెన్స్ ఉండదు, ఆ ఊపుకే ఇంజిన్ త్వరగా బోరుకొస్తుంది, ఘాట్ ఎక్కదు.” 2024 మేలో కొత్త స్విఫ్ట్ మూడు సిలిండర్లతో వచ్చాక ఈ మాట వాట్సాప్‌లో మరీ తిరుగుతోంది. ఇందులో వణుకు సంగతి కొంత నిజం. మిగతాది నిలవదు.

ముందు బ్యాలెన్స్. మూడు సిలిండర్ల ఇన్‌లైన్ (వరసగా పేర్చిన) ఇంజిన్లో, పిస్టన్లు తిప్పే ఇరుసైన క్రాంక్ మీద వాటి రాడ్లు తగిలే పిన్నులు 120 డిగ్రీల ఎడంలో ఉంటాయి. పిస్టన్ల కదలికతో పుట్టే బలాల్లో క్రాంక్ వేగంతో వచ్చేవీ, దానికి రెట్టింపు వేగంతో వచ్చేవీ రెండూ తమలో తామే రద్దయిపోతాయి. నాలుగు సిలిండర్ల ఇన్‌లైన్‌లో ఆ రెండోవి రద్దు కావు, నాలుగు పిస్టన్లవీ కలిసి కూడుకుంటాయి. పెద్ద నాలుగు సిలిండర్ల ఇంజిన్లు చాలావాటిలో క్రాంక్‌కి రెట్టింపు వేగంతో తిరిగే రెండు బ్యాలెన్స్ షాఫ్టులు (ఊపును అణచే బరువు ఇరుసులు) పెట్టేది అందుకే. మరి మూడింటి లోపం ఎక్కడుంది? ఒకటో పిస్టన్, మూడో పిస్టన్ జతగా కదలవు. అందుకని ఇంజిన్ కావడిలా ఒక కొస లేస్తే రెండో కొస దిగుతుంది. క్రాంక్ వేగంతోనే ఎదురు దిశలో తిరిగే ఒక్క షాఫ్టుతో ఇది చాలావరకు అణుగుతుంది. చిన్న కార్లలో ఆ షాఫ్టు కూడా లేకుండా భారమంతా ఇంజిన్‌ని బాడీకి పట్టి ఉంచే రబ్బరు మౌంట్ల మీదే వేయడం మామూలు.

ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజిన్ ఊరికే నడుస్తున్నప్పుడు, వణుకు నిజమే. నాలుగింటిలో క్రాంక్ తిరిగే ప్రతి 180 డిగ్రీలకు ఒక పవర్ స్ట్రోక్ (ఇంధనం మండి పిస్టన్‌ని నెట్టే దెబ్బ) వస్తుంది, మూడింటిలో 240కి. స్ట్రోక్ నిడివే 180 కాబట్టి మధ్యలో 60 డిగ్రీలు క్రాంక్‌ని ఫ్లైవీలే లాక్కెళ్లాలి. 800 ఆర్‌పీఎం దగ్గర మూడింటిలో సెకనుకు 20 ఫైరింగ్‌లు, నాలుగింటిలో సుమారు 27. ఇంత తక్కువ ఫ్రీక్వెన్సీని రబ్బరు మౌంటు సరిగా మింగలేదు, అదే స్టీరింగ్‌లో తెలుస్తుంది.

కానీ ఆ వణుకు బోరును, అంటే సిలిండర్ లోపలి గోడను, అరగదీయదు. బోరు పాడయ్యేది దుమ్ము లాగడం, ఆయిల్ మార్చకపోవడం, వేడెక్కడం వల్ల. 1983లో మొదలై 2014 దాకా తయారైన మారుతి 800 ఇంజిన్ 796 సీసీ, మూడు సిలిండర్లే. వరి మళ్లలో కేజ్ వీల్స్‌తో రోజంతా దమ్ము చేసే మాస్సీ 241 ట్రాక్టర్ కూడా మూడు సిలిండర్లదే!

ఘాట్ ఎక్కడానికి కావాల్సింది టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం. స్విఫ్ట్‌లో 1197 సీసీ అలాగే ఉంది, టార్క్ 113 నుంచి సుమారు 112 ఎన్ఎంకి మారిందంతే. పవర్ మాత్రం 90 నుంచి 82 పీఎస్‌కి తగ్గింది. హైవే మీద గట్టిగా ఓవర్‌టేక్ చేసేవారికి ఆ తేడా తెలుస్తుంది, దాన్ని కాదనను. బదులుగా ఒక పిస్టన్, ఒక రింగుల సెట్టు, ఒక మెయిన్ బేరింగ్ రాపిడి తగ్గి మైలేజీకి కలిసొస్తుంది. తయారీ ఖర్చు తగ్గుతుందన్నదీ వాస్తవమే.

పాత కారు కొనేవారు చూడాల్సింది వేరు. ఇంజిన్ గట్టిగా కుదుపుతూ లాగలేకపోతే ఒక సిలిండర్ మిస్ అవుతోందేమో (సరిగా మండడం లేదేమో) చూడాలి, మూడింటిలో అది మూడో వంతు బలం పోయినట్టు. స్కానర్‌లో పీ0301 (ఒకటో సిలిండర్ మిస్ అని చెప్పే కోడ్) వస్తే ఇంజిన్ ఆపి, ప్లగ్‌కి కరెంటు ఇచ్చే ఒకటో కాయిల్‌ని రెండోదానితో మార్చి మళ్లీ స్టార్ట్ చేయండి. కోడ్ పీ0302కి మారితే తప్పు కాయిల్‌దే. మారకపోతే ప్లగ్, ఇంజెక్టర్, చివరికి కంప్రెషన్ చూడాలి. మిస్ లేకుండానే వణుకుతుంటే బానెట్ తెరిచి, బ్రేకు బిగబట్టి, ఫస్ట్‌లోనూ రివర్స్‌లోనూ క్లచ్ కొంచెం వదలండి. కారు ముందూ వెనకా ఎవరూ నిలబడకూడదు. ఇంజిన్ ఒక్కసారిగా ఎగిరిపడితే మౌంటు పోయినట్టే. కొత్తది వేశాక వణుకు తగ్గుతుంది గానీ, ఐడిల్‌లో నాలుగు సిలిండర్లంత నున్నగా మాత్రం రాదు.