శ్రీ తీవ్ర ఖండన గారికి, తదితరులలో ఒకడు

నల్లగొండ,
ఆదివారం రాత్రి.

అయ్యా,

మీరు నన్ను గుర్తుపట్టరు. పేపర్లో జిల్లా పేజీ తెరిస్తే మీరు హెడ్డింగులో ఉంటారు, నేను ఆఖరి వాక్యంలో ఉంటాను. "ఈ కార్యక్రమంలో ఫలానా అన్న, ఫలానా అన్న, తదితరులు పాల్గొన్నారు" అని వస్తుంది కదా, ఆ తదితరుల్లో మూడేళ్లుగా నేనొకణ్ణి. అట్లని చిన్నచూపు చూడకండి. ఈ మూడేళ్లలో మా హాస్టల్ నుంచి బయలుదేరిన ప్రతి ఖండనకూ పురుడు పోసింది ఈ చేతులే. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందనీ, ఫోన్లో తెలుగు తొందరగా కొడతాననీ అన్ని సంఘాలవాళ్లకూ తెలిసిపోయింది. చదివేది ఎల్.ఎల్.బి. మూడో సంవత్సరం. చేసేది మీ మంత్రసాని పని.

మా హాస్టల్లో కింది అంతస్తు లాల్ సలాం, పై అంతస్తు జై శ్రీరామ్, మెట్ల పక్క గదులు జై భీమ్. నేను ఎక్కువగా మెట్ల మీదే ఉంటాను, సిగ్నల్ అక్కడే వస్తుంది. ఎవరు పిలిచినా పోతాను. కింది అన్న చాయ్ తెప్పిస్తాడు. పై అన్న చాయ్‌తో పాటు బిస్కెట్లు కూడా పెడతాడు. మెట్ల పక్క అన్న మాత్రం "ముందు రాజ్యాంగం పీఠిక చూడకుండా చెప్పు" అంటాడు. చెప్పాను. సౌభ్రాతృత్వం దగ్గర నాలుక తడబడింది, అంతే.

ఇంత దగ్గరగా చూశాక నాకు అర్థమైంది, మూడు సిద్ధాంతాలకూ మీరు ఒక్కరే. మీ ఫార్మాటు నా ఫోన్లో దాచిపెట్టుకున్నాను. "ఘటనను తీవ్రంగా ఖండిస్తున్నాం. బాధ్యులపై కఠిన చర్యలు తీసుకోవాలి. లేనిపక్షంలో ఆందోళనలను ఉధృతం చేస్తాం." ముందు ఊరి పేరు తగిలిస్తే పని అయిపోతుంది. ఆ ఉధృతం ఎట్లుంటుందో నేనింతవరకు చూడలేదు. పోయినేడు ఒకసారి తొందరలో కింది అంతస్తు నోటును పై అంతస్తు పేరుతో పంపించాను. అచ్చయింది కూడా. సాయంత్రం దాకా ఎవరూ కనిపెట్టలేదు. కనిపెట్టాక పై అన్న నన్ను అడిగింది ఒక్కటే: "ఫొటోల నన్నెందుకు కట్ చేసిన్రు తమ్మీ?"

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. గడియారం సెంటర్లో ఒక మంత్రి దిష్టిబొమ్మ తగలబెట్టినప్పుడు ఆయన తొడుక్కున్న ప్యాంటు నాది. తీగ మీద ఆరేసింది ఆరేసినట్టే మాయమైంది. మంత్రిగారు ఇప్పటికీ బాగానే ఉన్నారు.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. మీ మీద కోపం వచ్చింది వేరే చోట. మీకో అలవాటుంది. గడప దాటే ముందు రెండు ప్రశ్నలు వేస్తారు: చచ్చిందెవరు, చంపిందెవరు? రెండిటికీ జవాబు నచ్చితేనే చెప్పులేసుకుంటారు. ఈ రోగం మీ నుంచి నాకు అంటిందో, నా నుంచి మీకు అంటిందో తేల్చుకోలేకపోతున్నాను.

2019 డిసెంబరులో నేను షాద్‌నగర్‌లో మా మేనమామ ఇంట్లో ఉండి ఇంటర్ చదువుతున్నాను. పాత పాలమూరు జిల్లానే అది. ఒక వెటర్నరీ డాక్టర్‌ను ఘోరంగా చంపిన కేసులో పట్టుకున్న నలుగురిని 6వ తేదీ తెల్లవారుజామున పోలీసులు చటాన్‌పల్లి దగ్గరికి తీసుకుపోయారు. నలుగురూ ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. ఊరంతా అటే ఉరికింది. నేను మామ బండెనక కూర్చుని పోయాను. దారిలో మామ పావుకిలో బంతిపూలు కొన్నాడు. వంతెన మీది నుంచి పోలీసుల మీద చల్లినవాళ్లలో నేనున్నాను. ఆ రోజు మీరు ఎంత వెతికినా దొరకలేదు. మీ తమ్ముడు హర్షం గారు మాత్రం స్వీటు డబ్బాతో తిరుగుతున్నాడు.

సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మే నెలలో బయటికొచ్చింది. చంపాలనే కాల్చారనీ, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలనీ అందులో ఉంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లనీ ఉంది. పూలు చల్లిన నాకు అప్పుడు పదిహేడు. ఆ నివేదిక గురించి రెండో సంవత్సరం సెమినార్‌లో నేనే మాట్లాడాను. న్యాయం, చట్టబద్ధ పాలన అని పెద్ద పెద్ద మాటలే వాడాను. బంతిపూల సంగతి చెప్పలేదు.

చటాన్‌పల్లికి నాలుగేళ్ల ముందు, 2015 ఏప్రిల్ 7న, ఆలేరు దగ్గర వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకొస్తున్న ఐదుగురు ముస్లిం విచారణ ఖైదీలు పోలీసు వ్యాన్‌లోనే కాల్పుల్లో చనిపోయారు. చేతులకు బేడీలున్నాయి. అప్పుడది నల్లగొండ జిల్లానే. ఆ సంగతి గుర్తుందా అని మొన్న మెస్‌లో నా టేబుల్ దగ్గర అడిగాను. పదిమందిలో ఇద్దరు తలూపారు. ఇద్దరూ ముస్లింలే.

ఇక మిర్యాలగూడ కేసు. 2018 సెప్టెంబరులో, కులం తక్కువవాణ్ణి పెళ్లి చేసుకుందని, గర్భవతిగా ఉన్న కూతురి కళ్ల ముందే అల్లుణ్ణి చంపించారు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ రాత్రి మెట్ల పక్క గదిలో రెండింటి దాకా కూర్చున్నాం. ఉరిశిక్షలు రద్దు కావాలని డిసెంబరు 10న మానవ హక్కుల దినం నాడు కరపత్రం పంచింది మేమే. ఇప్పుడు ఈ ఉరి సంగతి ఏం రాయాలి? మెట్ల పక్క అన్న చాలాసేపు గోడకేసి చూసి, "ఉరి వద్దని రాస్తే మా అమ్మకు నా మొకం ఎట్ల చూపియ్యాలె?" అన్నాడు. నేనేమీ అనలేదు. నాది వేరే కులం, అనే హక్కు ఉందో లేదో కూడా తెలియలేదు. చివరికి "తీర్పును స్వాగతిస్తున్నాం" అని ఒక్క ముక్క రాసి లైటార్పేశాం. శిక్ష పేరు ఎత్తలేదు. అది పిరికితనమో మర్యాదో ఇప్పటికీ నాకు తేలలేదు.

మీ అలవాటు మీద నేరుగా పేచీ పెట్టుకున్న మనిషి ఒకాయన ఉండేవాడు. కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పిన బాలగోపాల్. ఎన్‌కౌంటర్ జరిగిన ఊళ్లన్నీ తిరిగి నిజనిర్ధారణ చేసినవాడే, రాజ్యాన్ని అడిగినట్టే ఉద్యమంలో ఉన్నవాళ్లు చేసే హింసనూ అడగాలి కదా అన్నాడు. ఆ చర్చ పౌరహక్కుల సంఘంలో తెగలేదు. 1998లో ఆయనా మరికొందరూ బయటికొచ్చి మానవ హక్కుల వేదిక పెట్టుకున్నారు. లెక్కల మాస్టారు కదా, సమీకరణానికి రెండు పక్కలా ఒకే సూత్రం వాడమన్నాడు అని మా లెక్చరర్ ఒకాయన నవ్వుతుంటాడు. మా హాస్టల్లో మూడు గదుల్లోనూ ఆయన పేరు ఎత్తి చూశాను. మూడు చోట్లా "మంచోడే, కానీ..." అన్నారు.

పౌరహక్కుల సంఘంలోనే పనిచేసిన పురుషోత్తంను 2000 నవంబరులో హైదరాబాదులో నరికి చంపారు. మూడు నెలలు తిరక్కముందే, 2001 ఫిబ్రవరిలో, మా నల్లగొండలోనే, అదే సంఘంలో ఉన్న ఆజం అలీని చంపారు. అంటే ఒకప్పుడు ఈ ఊళ్లో మిమ్మల్ని కాగితం మీద పెట్టి కింద సంతకం చేసినవాడు ఇంటికి వచ్చే దారి కూడా చూసుకోవాల్సి వచ్చేది. నేను మంచం మీద పడుకుని, ఒక చేత్తో పల్లీలు నములుతూ, మిమ్మల్ని నాలుగు గ్రూపులకు ఫార్వర్డ్ చేస్తున్నాను.

మీరు లేకుండా కూడా ఈ జిల్లా ఒకసారి గట్టిగా మాట్లాడింది. మాది మర్రిగూడ పక్కన పల్లె. ఫ్లోరైడ్ నీళ్లు తాగీ తాగీ మా నాయనమ్మ నడుము విల్లులా వంగిపోయింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నీళ్ల గోస ఢిల్లీకి వినబడాలని జలసాధన సమితి వాళ్లు వందల మందితో నామినేషన్లు వేయించారు. నల్లగొండ సీటుకు మొత్తం 480 మంది పోటీ. తనకు తెలిసినాయన పేరు అంత పెద్ద బ్యాలెట్లో దొరక్క, వెనక లైన్లో వాళ్లు తిడుతుంటే, నాయనమ్మ చేతికందిన గుర్తు మీద ముద్ర కొట్టి వచ్చిందట. 477 మందికి డిపాజిట్లు పోయాయి. ప్రభుత్వం కదలలేదని ఎవరన్నారు? కదిలింది. అదే ఏడాది చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలు చేసింది. నీళ్లకు ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

సరే, ఈ ఉత్తరం ఇవాళే ఎందుకు రాస్తున్నానంటే, మా మెస్‌లో వండిపెట్టే పదకొండు మంది ఆడవాళ్లకు ఐదు నెలలుగా జీతాల్లేవు. అవుట్‌సోర్సింగ్. కాంట్రాక్టరును అడిగితే బిల్లు రాలేదంటాడు, ఆఫీసులో అడిగితే కాంట్రాక్టరును అడగమంటారు. పాలస్తీనా మీద రాశాను, బస్తర్ మీద రాశాను, బంగ్లాదేశ్ మీద రాశాను. తప్పేం లేదు, రాయాల్సినవే. కానీ ఆ రాతలన్నీ ఈ ఆడవాళ్లు పెట్టిన పప్పన్నం తిని రాసినవే.

మూడు గదులకూ పోయి అడిగాను. కింది అన్న, "అది ఆర్థిక పోరాటం తమ్మీ, టైం వస్తది" అన్నాడు. పై అన్న, "క్యాంపస్ పరువు బజార్ల పడతది" అన్నాడు. మెట్ల పక్క అన్న కాసేపు ఊరుకుని, "పదకొండు మందిల తొమ్మిది మంది మావోళ్లే. నాకు తెల్వదా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఏప్రిల్ పద్నాలుగు దాటనీ" అన్నాడు. ఎందుకో నాకు తెలుసు. వినాయకుడి దగ్గర లడ్డూ, మే డేకు టెంటు, అంబేడ్కర్ జయంతికి మజ్జిగ ప్యాకెట్లు, మూడూ ఆ కాంట్రాక్టరువే. సిద్ధాంతాల మధ్య ఐక్యత సాధ్యం కాదని మా సిలబస్‌లో ఉంది. సిలబస్ రాసినాయన మా హాస్టల్‌కు రాలేదు.

ఇందాక గిన్నెలు కడగడం అయ్యాక పెద్దమ్మ మెట్ల దగ్గరికి వచ్చింది. చేతిలో రెండు తెల్లకాగితాలు. "బిడ్డా, రేపు ప్రజావాణికి పోతున్నం. దరఖాస్తు రాసియ్యి" అంది. అలవాటు కొద్దీ మొదటి కాగితం మీద మిమ్మల్నే కూర్చోబెట్టి చదివి వినిపించాను.

"ఎవల్ని?" అంది.

కాంట్రాక్టరు పేరు చెప్పాను. ఆమె మొహం మాడిపోయింది. "ఆయన్నేమనకు బిడ్డా, పనిలకెల్లి తీసేస్తడు. మా పైసలు మాకు రావాలె, గంతే."

ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని రెండోది తీశాను. నెలకు తొమ్మిదిన్నర వేలు, ఐదు నెలలు, పదకొండు మంది: 5,22,500 రూపాయలు. ఆ అంకె చూసి పెద్దమ్మ, "గంత ఉన్నదా?" అని పక్కన కూర్చుంది. కాంట్రాక్టరు ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు యజమానే కట్టాలని చట్టం 1970 నుంచీ చెబుతోంది. మూడేళ్ల చదువులో పనికొచ్చిన ఆ ఒక్క ముక్కా రాశాను. ఎవరినీ ఏమీ అనలేదు. ఉధృతం కూడా లేదు.

కింద ఆమె ఒక్కొక్కరి పేరూ చెబుతుంటే రాసుకుంటూ పోయాను. ఇంటిపేరు, మొగుడి పేరు, ఊరు. ఏడో పేరు దగ్గర కాగితం అయిపోవస్తుంటే అక్షరాలు చిన్నవి చేశాను. పదకొండూ పట్టాయి. మీకు మాత్రం చోటు మిగల్లేదు, ఏమనుకోకండి.

కలెక్టరేట్‌కు పొద్దున ఎనిమిదిన్నరకే ఆటో మాట్లాడారట. నన్ను కూడా రమ్మంది. క్లాసుంది. అయినా పోతున్నాను.

ఇట్లు,
తదితరులలో ఒకడు