మూలికా మందుల్లో సీసం: పీపీఎం చూస్తే సరిపోదు, చెంచా లెక్క కూడా కావాలి

మూలికల చూర్ణం ల్యాబ్ రిపోర్టులో "సీసం 10 పీపీఎం లోపు, పాస్" అని కనిపిస్తే ఎవరికైనా మనసు కుదుటపడుతుంది. ఆ 10 పీపీఎం గాల్లోంచి వచ్చిన అంకె కాదు. మూలికలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి అదే. అయితే ఒక గ్రాము మందులో ఎంత సీసం ఉందన్నదే అది చెబుతుంది. రోజూ మన ఒంట్లోకి ఎంత పోతోందో చెప్పదు. నా అభ్యంతరం అక్కడే.

లెక్క వేసి చూద్దాం. 10 పీపీఎం అంటే గ్రాముకు 10 మైక్రోగ్రాములు. పూటకు 5 గ్రాముల చూర్ణం చొప్పున రోజుకు రెండు పూటలు వేసుకుంటే 100 మైక్రోగ్రాముల సీసం లోపలికి వెళ్తుంది. అదే పొడిని అరగ్రాము మాత్రగా చేసి రోజుకు ఒక్కటే వేసుకుంటే 5 మైక్రోగ్రాములే. రిపోర్టు ఇద్దరికీ ఒకటే, పాస్. సీసం మాత్రం ఒకరికి 20 రెట్లు ఎక్కువ. మామూలు ఇంగ్లిష్ మందులకు పాటించే అంతర్జాతీయ మార్గదర్శకం ఐసీహెచ్ క్యూ3డీ ప్రకారం, నోటితో తీసుకునే మందు నుంచి రోజుకు 5 మైక్రోగ్రాములకు మించి సీసం అందకూడదు. మాత్ర సరిగ్గా ఆ గీత మీద ఆగింది. చూర్ణం ఎక్కడికో వెళ్లిపోయింది.

ఇంతకంటే నన్ను కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. ముప్పును అంచనా వేసే పరిశోధకులు 'హజార్డ్ కోషెంట్' అనే లెక్క వాడతారు. రోజూ ఒంట్లో చేరేదాన్ని సురక్షితం అనుకున్న మోతాదుతో భాగిస్తారు. జవాబు 1 లోపు వస్తే ఫర్వాలేదని రాస్తారు. సీసానికి చాలా వ్యాసాల్లో వాడే ఆ 'సురక్షిత' మోతాదు కిలో బరువుకు రోజుకు 3.5 మైక్రోగ్రాములు. మన చూర్ణం వాడే మనిషి 60 కిలోలు ఉన్నాడనుకుంటే కిలోకు 1.67 మైక్రోగ్రాముల చొప్పున పడుతుంది. 3.5తో భాగిస్తే 0.48. అంటే భద్రమే అన్నమాట! ఐసీహెచ్ లెక్కలో 20 రెట్లు మించిన మందు ఈ లెక్కలో హాయిగా పాసైపోయింది.

ఆ 3.5 ఎక్కడి నుంచి వచ్చింది? ఆహారంలోని కలుషితాలను పరిశీలించే అంతర్జాతీయ నిపుణుల కమిటీ జెక్ఫా ఒకప్పుడు వారానికి కిలోకు 25 మైక్రోగ్రాముల దాకా తట్టుకోవచ్చని చెప్పింది. దాన్ని 7తో భాగిస్తే వచ్చేది సుమారు అంతే. 2010లో జెక్ఫాయే ఆ విలువను వెనక్కి తీసుకుంది. ఆ మోతాదులో పిల్లల ఐక్యూ కనీసం 3 పాయింట్లు తగ్గుతుందని, పెద్దల్లో పై బీపీ సుమారు 3 పాయింట్లు పెరుగుతుందని అంచనా వేసింది. 'ఇంత మోతాదు వరకైతే ఏమీ కాదు' అని సీసానికి గీత గీయలేమని తేల్చింది. పెట్టినవాళ్లే చెరిపేసిన గీతతో కొలిచి జనానికి ధైర్యం చెప్పడం పొరపాటు కాదు, తప్పు.

అలాగని ప్రతి లెక్కా ముప్పును తగ్గించే చూపుతుందని అనను. కషాయం కాచి పిప్పి పారేస్తే లోహంలో కొంత భాగం ఆ పిప్పితోనే పోతుంది. ఎండు మూలికలో ఉన్నదంతా తాగినట్టు లెక్కిస్తే భయం పెంచినట్టే. సముద్రపు నాచులోని ఆర్సెనిక్ చాలావరకు సేంద్రియ రూపంలో, అంటే కార్బన్‌తో కలిసి ఉంటుంది. అసేంద్రియ రూపమంత విషం కాదది. రెండింటినీ కలిపి కొలిచి టెన్షన్ పెట్టడమూ సరికాదు. కాడ్మియం అనే మరో విష లోహం విషయం వేరు. దాన్ని మట్టిలోంచి బాగా లాగేసుకునే మొక్కలున్నాయి, సెయింట్ జాన్స్ వర్ట్ అలాంటిదే. మూత్రపిండాల్లో చేరిన కాడ్మియం సగానికి తగ్గడానికే 10 నుంచి 30 ఏళ్లు పడుతుంది. మూడు నెలల కోర్సు అయిపోయింది కదా అనుకుంటే, లోహానికి ఆ సంగతి తెలియదు. పైగా సీసం, కాడ్మియం, పాదరసం మూడూ మూత్రపిండాలనే దెబ్బతీస్తాయి. ఒక్కోదాన్నీ విడివిడిగా చూసి మూడుసార్లు పాస్ వేస్తే కిడ్నీకి ఒరిగేదేమీ లేదు.

60 కిలోల మనిషి లెక్క పిల్లలకు అసలు పనికిరాదు. కడుపులోకి వెళ్లిన సీసంలో పెద్దల పేగులు సుమారు పదో వంతు పీల్చుకుంటే, చిన్నపిల్లల పేగులు దాదాపు సగం పీల్చుకుంటాయి. గర్భిణుల్లో అయితే ఎప్పుడో ఎముకల్లో చేరిన పాత సీసం కూడా కరిగి రక్తంలోకి వచ్చి, మాయ (ప్లాసెంటా) దాటి బిడ్డను చేరుతుంది.

కాబట్టి డబ్బా మీద పీపీఎం ఒక్కటే సరిపోదు. చెప్పినంత మోతాదు వాడితే రోజుకు ఎన్ని మైక్రోగ్రాముల సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసం ఒంట్లోకి పోతాయో బ్యాచ్ వారీగా రాయాలి. తయారీదారు దగ్గర పీపీఎం ఎలాగూ ఉంటుంది, మోతాదూ తనే రాస్తాడు. ఆ రెండింటినీ గుణించడమే మిగిలిన పని. అది జరిగేదాకా, నెలల తరబడి చూర్ణం వాడుతున్నవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు దాచకుండా చెప్పి, రక్తంలో సీసం పరీక్ష అవసరమేమో అడగాలి.