మోజు కొన్నవాడిది, మచ్చ చేసినవాడికా?

విగ్రహాల స్మగ్లింగ్ వార్త వచ్చిన ప్రతిసారీ దొంగని, దళారీని తిట్టుకుని పేపర్ మడిచేస్తాం. కొన్నవాడి జోలికి పోం. నకిలీ విగ్రహాల విషయంలోనూ ఇంతే.

చర్చిలో రూతు కథ విన్నవాళ్లకి మోయాబు పేరు తెలుసు, ఇప్పటి జోర్డాన్‌లో ఉండిన పాతకాలం రాజ్యం. 1868లో అక్కడ మేషా అనే మోయాబు రాజు చెక్కించిన రాతి శాసనం బయటపడింది. దానికోసం యూరప్ దేశాలు పోటీపడ్డాయి, ఆ గొడవలో స్థానికులు రాయిని ముక్కలు చేశారు. రాయి పగిలినా మోజు తీరలేదు. ఇంకా మోయాబు దేవుళ్లు కావాలన్నారు. అడిగితే దొరకరా మరి? జెరూసలేంలో సలీం అల్ కారీ మట్టి బొమ్మలు చేయడం, షపీరా అనే వ్యాపారి అమ్మడం! వాటి మీది అక్షరాలు మేషా శాసనంలోవే, కూడబలుక్కుని చదివితే అర్థం సున్నా. ఆ శాసనంలో కొన్ని వరుసలు రాసుకు రమ్మని అంతకుముందు సలీంని పంపిన క్లెర్మాఁ-గానో అనే ఫ్రెంచి పండితుడే చివరికి గుట్టు విప్పాడు. ఈలోపు 1,700 బొమ్మలు బెర్లిన్ మ్యూజియం చేరిపోయాయి.

సలీం మోసగాడు కాడా అంటారు. మోసగాడే, పండితుల్ని బురిడీ కొట్టించాడు. కానీ ఏ అక్షరం చూస్తే వాళ్లకి నోరూరుతుందో నేర్పింది వాళ్లే కదా.

శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఇత్తడి సామాను కొంటుంటే, కారు దిగిన ఒకాయన "పాతకాలం పీస్ ఉందా?" అని అడిగాడు. కొట్టు పెద్దాయన నవ్వి, "కొత్తదైతే తూకానికి రేటు బాబూ. పాతదంటే మీ మోజుకి రేటు" అన్నాడు. చేతిలోని చెంబు సుత్తి దెబ్బలతో ఇంకా మిలమిలలాడుతోంది. కారాయన దాన్ని చూడనైనా చూడలేదు.

అసలు నా బాధ వేరే ఉంది. బయటివాడు కొత్తదాన్ని పాతగా చూపిస్తే కొంటాడు, మన గుడి కమిటీలు పాతదాన్ని కొత్తగా చూపిస్తే చందాలిస్తాం. శాలిహుండం, ముఖలింగం లాంటి చోట్ల శిల్పాలకి కాపలా ఉంది. ఊరి గుళ్లకి ఎవరున్నారు? వంశధార పక్కన ఒక పాత గుడిలో ద్వారపాలకుడికి నీలం ఎనామిల్ పెయింట్ కొట్టారు, మీసానికి నలుపు. గోటితో గీకితే పెచ్చు లేచి, కింద ఉలి గీసిన సన్నటి మడత కనిపించింది.

"మెరుస్తున్నాడు కదండీ" అన్నాడు పూజారి.