ఖర్చు రాయించిన వంశవృక్షం

పాత చర్చి రిజిస్టర్లు తిరగేసి ఇంగ్లండ్ కుటుంబాల మూలాలు వెతకడం ఇప్పుడు ఇంట్లో కూర్చుని చేసుకునే పని అయిపోయింది. పేరు కొడితే తాతముత్తాతలు వరసగా తెర మీదికి వస్తున్నారు. 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్వెల్ ప్రతి పారిష్‌లోనూ (ఒక చర్చి కిందికి వచ్చే ఊరి ప్రాంతం) బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, భూస్థాపనలు పుస్తకంలో ఎక్కించాలని ఆదేశించిన సంగతి, 1837లో ప్రభుత్వమే జనన మరణాల నమోదు చేపట్టేదాకా ఆ పుస్తకాలే ప్రధానాధారమైన సంగతి ఈ వెతుకులాట మీద ఆసక్తి ఉన్నవారికి కొత్త కాదు. అయితే రిజిస్టర్‌లో పేరు దొరకగానే మనిషి దొరికాడని మురిసిపోవడం పొరపాటు. ఇంగ్లండ్‌లో సామాన్యుడి బతుకు కాగితానికెక్కింది ముఖ్యంగా అతని వల్ల ఎవరికో డబ్బు ఖర్చయ్యే ప్రమాదం వచ్చినప్పుడే.

అందరికీ తెలిసిన కుటుంబాన్నే తీసుకుందాం. నాటకకర్త షేక్‌స్పియర్ సొంతూరు స్ట్రాట్‌ఫర్డ్. అక్కడి చర్చి రిజిస్టర్ ప్రకారం అతనికి 1564 ఏప్రిల్ 26న బాప్తిస్మం జరిగింది, 1616 ఏప్రిల్ 25న భూస్థాపన జరిగింది. పుట్టిన తేదీ అందులో లేదు. ఆ బాప్తిస్మం పంక్తి సైతం ఆనాడు రాసినది కాదు. పాత కాగితపు పుస్తకాలను తోలు పత్రాల మీదికి ఎక్కించాలని ఎలిజబెత్ రాణి కాలంలో, 1598లో వచ్చిన ఉత్తర్వు తర్వాత తయారైన నకలు. ఇక పెళ్లి వివరం ఏ పారిష్ రిజిస్టర్‌లోనూ దొరకలేదు. దానికి మనకున్న గట్టి ఆధారం, ఆ పెళ్లి వల్ల తర్వాత ఏ చిక్కు వచ్చినా దానికి అనుమతి ఇచ్చే బిషప్‌కు నష్టం రానివ్వబోమంటూ 1582 నవంబరులో వూస్టర్‌లో ఇద్దరు రైతులు రాసిచ్చిన 40 పౌండ్ల పూచీకత్తు. తండ్రి జాన్ ఆ ఊరి రికార్డుల్లో మొదటిసారి కనిపించేది 1552లో, హెన్లీ వీధిలో పెంటకుప్ప వేసినందుకు ఒక షిల్లింగ్ జరిమానా పడిన మనిషిగా. (ఇంగ్లండ్‌ను జయించి ఏలిన విలియం ద కాంకరర్‌ను తమ వంశవృక్షంలో చేర్చుకోవాలని ఉబలాటపడేవారు ఎందరో, పెంటకుప్ప తాతను ఎవరూ వెతకరు.)

రిజిస్టర్ గొప్పతనం దాని సమదృష్టిలోనే ఉందని, భూస్వామి కూతురూ కూలివాడి కొడుకూ ఒకే పేజీలో ఒకే కొలతలో కనిపించే పుస్తకం ఆ కాలంలో మరొకటి లేదని వాదించేవారున్నారు. 404 పారిష్‌ల రిజిస్టర్లను లెక్కగట్టి కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఇంగ్లండ్ జనాభా చరిత్రనే కొత్తగా రాసిన మాట కూడా నిజం. కానీ జనాభా లెక్కకు పేరు ఎవరిదైనా ఒకటే, కుటుంబం వెతికేవారికి ఆ ఒక్క మనిషే కావాలి. ఒక పారిష్‌లో ఒకే తరంలో ముగ్గురు జాన్ స్మిత్‌లు ఉంటే, తల్లి పేరైనా రాయని బాప్తిస్మం పంక్తి మన జాన్ ఎవరో తేల్చి చెప్పలేదు. అంతర్యుద్ధం సాగిన 1640ల్లో చాలాచోట్ల పుస్తకమే ఆగిపోయింది.

అసలు సరుకు రిజిస్టర్ పక్కన, పారిష్ కాగితాలు దాచే అదే పెట్టెలో ఉంది. తమ బీదలను తామే పోషించుకోవాలని 1601 చట్టం పారిష్‌లను కట్టడి చేసింది. ఇంకేముంది, ఎవరు మన బీద, ఎవరు పక్క ఊరి బీద అన్న తగువు మొదలైంది. ఏడాదికి 10 పౌండ్ల కంటే తక్కువ అద్దె ఇంట్లో దిగిన కొత్తవాణ్ని 40 రోజుల్లోగా వెళ్లగొట్టే అధికారం 1662 చట్టం ఇచ్చింది. పెళ్లికానివాడు ఒక ఊళ్లో ఏడాది పాటు జీతానికి కుదిరి పనిచేస్తే ఆ ఊరి సాయానికి హక్కుదారు అవుతాడని తర్వాతి చట్టం చెప్పడంతో, ఆ హక్కు రాకుండా 51 వారాలకే పాలేరును కుదుర్చుకునే రైతులూ తయారయ్యారు. సాయం అడిగిన కూలివాణ్ని ఇద్దరు మేజిస్ట్రేట్ల ముందు నిలబెట్టి, ఎక్కడ పుట్టావు, తండ్రి ఏ ఊరివాడు, ఎవరి దగ్గర ఎంత జీతానికి ఎన్నాళ్లున్నావు, పెళ్లి ఎక్కడ, పిల్లల వయసులెంత అని అడిగి రాసుకునేవారు. కింద అతను సంతకం రాక గీసిన అడ్డగీతల గుర్తు ఉంటుంది. ఎవరి గడపా తొక్కకుండా గుట్టుగా బతికిన అతని అన్నకు మూడు పంక్తులు మిగిలితే, ఊరికి భారమైన తమ్ముడికి ఒక పేజీ ఆత్మకథ మిగిలింది.

పెళ్లికాని తల్లుల విషయంలో ఈ లెక్క మరీ నగ్నంగా కనిపిస్తుంది. రిజిస్టర్ ఆ బిడ్డను అక్రమ సంతానమని రాసి ఊరుకుంటుంది, తండ్రి పేరు చాలాసార్లు ఉండదు. బిడ్డ పోషణ ఊరి మీద పడుతుందని భయపడ్డ పారిష్ అధికారులు మాత్రం ఊరుకోరు. ఆమె చేత ప్రమాణం చేయించి తండ్రి ఎవరో చెప్పించి, అతని ఊరూ వృత్తీ రాసుకుని, పూచీకత్తు పుచ్చుకుంటారు. నీతి కోసం ఉంచిన పుస్తకం దాచిన తండ్రిని డబ్బు కోసం రాసిన కాగితం బయటపెడుతుంది.

రాజ్యం సామాన్యుణ్ని జ్ఞాపకం పెట్టుకునేది జమాఖర్చులో మాత్రమే అన్న నా నమ్మకానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఒకటుంది, అది మన తీరం మీదే ఉంది. మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చి 1680లో మొదలైంది. ఇక్కడి సైనికులు స్థానిక స్త్రీలను పెళ్లాడేలా ప్రోత్సహించమని, అలాంటి దంపతుల బిడ్డకు బాప్తిస్మం జరిగిన రోజున తల్లికి ఒక వరహా ఇస్తే బాగుంటుందని ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు 1687లో లండన్ నుంచి రాశారు. చర్చి పుస్తకాల నకళ్లు క్రమంగా లండన్ చేరి నేటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలో ఇంగ్లిష్ తండ్రి పేరు ఉంటుంది. తల్లి ఈ గడ్డ మీది స్త్రీ అయినప్పుడు చాలా పంక్తుల్లో ఆమె పేరు లేదు, ఆ చోట ఏదైనా ఉంటే అది 'స్థానిక స్త్రీ' అన్న ముక్కే. వరహా ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకునే ఖర్చు. ఆమె పస్తుంటే పోషించాల్సిన పారిష్ ఇక్కడ లేదు, కాబట్టి మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టి ఆమె పుట్టిన ఊరు అడగాల్సిన అవసరమూ ఎవరికీ కలగలేదు.

అందుకే మద్రాసు ప్రెసిడెన్సీ దాకా వచ్చి దారి తప్పిన ఇంగ్లిష్ కుటుంబాల వారసులు బాప్తిస్మం పుస్తకం దగ్గర ఆగిపోకూడదు, కంపెనీ ఉద్యోగుల వీలునామాలు తెరవాలి. తనతో కాపురం చేసిన స్త్రీకి ఇల్లో, నెలకింత భత్యమో రాసి చనిపోయినవాడు, ఆ సొమ్ము ఎవరి చేతికి చేరాలో చెప్పడానికి చాలాసార్లు ఆమె పేరు రాయక తప్పలేదు.