గుంత కార్పొరేషన్‌ది, ఖర్చు సైకిల్‌వాడిదా?

వానాకాలంలో ఏ ఊళ్లోనైనా సైకిల్ షాపు ముందు కాసేపు నిలబడి చూడండి. బెండు తీయించుకోవడానికి వచ్చిన చక్రాలు గోడకు ఆనించి వరసగా కనిపిస్తాయి. మెకానిక్ ఒక్కోదాన్నీ ఫోర్కులో బిగించి తిప్పుతాడు. ఎక్కడ పక్కకు కొడుతోందో చాక్‌పీసుతో గుర్తు పెడతాడు. ఒకవైపు స్పోకులు బిగిస్తూ రెండోవైపు వదులు చేస్తాడు. రిమ్ము అంచే నొక్కుకుపోయిందనుకోండి, ‘ఇది లాభం లేదు, కొత్తది వేయాల్సిందే’ అని పక్కన పడేస్తాడు. రిమ్ము, టైరు, ట్యూబు, లేబరు కలిపి ఇంటింటికీ పాలు వేసే మనిషికో, నైట్ డ్యూటీ వాచ్‌మన్‌కో రెండు మూడు రోజుల సంపాదన ఎగిరిపోతుంది. ఆ గుంత ఎవరిదని అక్కడెవరూ అడగరు. ‘చూసుకుని తొక్కాలి కదా’ అని ఎవరో ఒకరు అంటారు, సైకిల్‌వాడు డబ్బులిచ్చి వెళ్లిపోతాడు.

చూసుకుని తొక్కితే సరిపోతుందా? సైకిల్‌కు రోడ్డులో దక్కేది ఎడమ అంచు. వాన నీరు వచ్చి నిలిచేదీ, తవ్వి పూడ్చిన పైపులైను గాడి ఉండేదీ, డ్రైనేజీ మూతలు వరసగా వచ్చేదీ అక్కడే. తారు మీద తారు వేసుకుంటూ పోయి మ్యాన్‌హోల్ మూతను మాత్రం పాత ఎత్తులోనే వదిలేస్తే అది అరచేయి లోతు గొయ్యి అవుతుంది. వరద నీటి జాలీ కమ్మీలను బండి వెళ్లే దిశలోనే నిలువుగా బిగిస్తే సన్నని సైకిల్ టైరు సరిగ్గా వాటి మధ్యలో దిగబడుతుంది. నీళ్లు నిండాక ఏ గుంత ఎంత లోతో ఎవరికి తెలుస్తుంది? తప్పుకుందామని కుడివైపు తిప్పితే వెనక బస్సు.

ఈ నష్టానికి నగరపాలక సంస్థ జవాబుదారీ కావాలన్నది మా అభిప్రాయం. ప్రాణం పోయినప్పుడే కాదు, చక్రం వంకరపోయినప్పుడు కూడా.

ఇప్పుడున్న చట్టంలో సైకిల్‌వాడికి తలుపులన్నీ మూసే ఉన్నాయి. మోటారు వాహనానికి బీమా ఉంటుంది. యజమానే బండి నడుపుతూ చనిపోతే 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది. మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్ గడప తొక్కాలంటే ప్రమాదంలో మోటారు వాహనం పాత్ర ఉండాలి. లారీ గుద్దితే సైకిల్‌వాడు అక్కడికి వెళ్లొచ్చు. గుంతలో తనంతట తాను పడితే వెళ్లలేడు. ఇక మిగిలింది సివిల్ కోర్టు. ముందు నోటీసు, ఆ గడువు తీరేదాకా ఎదురుచూపు, తర్వాత కోర్టు ఫీజు, వకీలు ఫీజు, వాయిదాలు. ఒక రిమ్ము కోసం ఆ మెట్లెక్కేవాడు ఉంటాడా?

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 198ఏ సెక్షన్ చేర్చారు. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలు పాటించని అధికార సంస్థకు, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. వినడానికి బాగుంది. కానీ మరణమో, అంగవైకల్యమో సంభవిస్తేనే అది వర్తిస్తుంది. కట్టిన జరిమానా కూడా నేరుగా బాధితుడి చేతికి రాదు, ప్రమాదాల నిధిలోకి వెళ్తుంది.

కోర్టులు ఏమన్నాయో చూస్తే దారి ఒకేలా లేదు. ఢిల్లీ చాందినీ చౌక్‌లో గడియార స్తంభం కూలి జనం చనిపోయిన కేసులో మునిసిపల్ కార్పొరేషన్ పరిహారం చెల్లించాల్సిందేనని సుప్రీంకోర్టు 1966లో తేల్చింది. ఆ కట్టడానికి అప్పటికే 80 ఏళ్లు. దాని ఆయుష్షు 40, 45 ఏళ్లే. తనిఖీ చేయించి ఉండాల్సింది కదా అన్నది కోర్టు వాదన. అదే సుప్రీంకోర్టు 1997లో రాజ్‌కోట్ కేసులో మరోలా చెప్పింది. ఆఫీసుకు నడిచి వెళ్తున్న మనిషి మీద రోడ్డు పక్క చెట్టు పడి చనిపోతే కార్పొరేషన్‌ను బాధ్యత నుంచి తప్పించింది. రోడ్డు మీది గుంత ఈ రెండింటిలో దేనికి దగ్గర? చెట్టు తనంతట తాను పెరుగుతుంది. రోడ్డును మనుషులు బిల్లు పెట్టి, కొలిచి, సంతకం చేసి వేస్తారు. గడియార స్తంభం తీర్పే దానికి వర్తించాలని మేమంటాం.

గుంతల వల్ల 2013 నుంచి 2017 దాకా దేశంలో 14,926 మంది చనిపోయారన్న లెక్క చూసి 2018లో సుప్రీంకోర్టు ఇది ఆమోదయోగ్యం కాదంది. 2025 అక్టోబరులో బొంబాయి హైకోర్టు ఇంకో అడుగు వేసింది. గుంతలు, తెరిచి ఉన్న మ్యాన్‌హోళ్ల వల్ల ప్రాణం పోతే ఆరు లక్షలు, గాయపడితే 50 వేల నుంచి రెండున్నర లక్షల దాకా చెల్లించాలని, ఆ సొమ్మును బాధ్యులైన అధికారులు, కాంట్రాక్టర్ల నుంచి రాబట్టుకోవాలని ఆదేశించింది. మంచి తీర్పు. మన రెండు రాష్ట్రాల్లోనూ దాన్ని ఆదర్శంగా తీసుకోవచ్చు. అయితే అందులోనూ ఉన్నది ప్రాణం, గాయం. బండికి జరిగిన నష్టం ఊసు లేదు.

ఈ విషయంలో ఇంగ్లండ్ నడిచిన దారి కాస్త వివరంగా చెప్పుకోవాలి. అక్కడ ఒకప్పుడు విచిత్రమైన నియమం ఉండేది. రోడ్డును బాగుచేసే పని చెడగొడితే కౌన్సిల్‌ది, అంటే అక్కడి స్థానిక పాలక సంస్థది తప్పు, అసలు బాగుచేయకుండా వదిలేస్తే తప్పు కాదు. అంటే ఏమీ చేయనివాడే క్షేమం! 1961 చట్టంతో ఆ రక్షణ పోయింది. ఇప్పుడు అమల్లో ఉన్న 1980 నాటి హైవేస్ చట్టంలో 41వ సెక్షన్ రోడ్డును నిర్వహించే బాధ్యతను అధికార సంస్థ మీద పెట్టింది. సైకిల్ రిమ్ము వంగినవాడు గుంత పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, చోటు, తేదీ, రిపేరు బిల్లు జతచేసి కౌన్సిల్‌కు పంపుతాడు. వస్తువు నష్టానికైతే దావా వేయడానికి ఆరేళ్లు, గాయానికైతే మూడేళ్లు గడువుంది.

అడిగినవాళ్లందరికీ డబ్బులొస్తాయని కాదు. 58వ సెక్షన్ కింద, తగిన జాగ్రత్త తీసుకున్నామని రుజువు చేస్తే కౌన్సిల్ బయటపడొచ్చు. చాలా క్లెయిములు అక్కడే వీగిపోతాయి. కానీ మనం చూడాల్సింది సరిగ్గా ఆ మెలికనే. బయటపడాలంటే కౌన్సిల్ తన తనిఖీ రిజిస్టరు తెచ్చి చూపాలి. ఆ వీధిని ఎన్నాళ్లకోసారి చూస్తారు, చివరిసారి ఎప్పుడు చూశారు, గుంత గురించి ఎప్పుడు తెలిసింది, తెలిశాక ఎన్నాళ్లకు పూడ్చారు? వీటికి కాగితం మీద జవాబు లేకపోతే డబ్బు కట్టాలి. చక్రానికి చెల్లించే చిన్న మొత్తం కన్నా, ఆ భయంతో రాసే రిజిస్టరు విలువే ఎక్కువ.

మన దగ్గర అలాంటి రిజిస్టరు చూపించమంటే ఎవరిని అడగాలి? ఒకే రోడ్డు మీద నగరపాలక సంస్థ, ఆర్ అండ్ బీ, జలమండలి, విద్యుత్ సంస్థ, కేబుల్ కంపెనీ పనిచేస్తాయి. తవ్వేటప్పుడు అందరూ ఉంటారు, పూడ్చేటప్పుడు ఒకరిని చూసి ఇంకొకరు తప్పుకుంటారు. హైదరాబాద్‌లో సుమారు 709 కిలోమీటర్ల ప్రధాన రహదారులను 2019 చివర్లో ఐదేళ్లపాటు ప్రైవేటు ఏజెన్సీల నిర్వహణకు ఇచ్చారు. ఏ రోడ్డు ఎవరిదో కాగితం మీద స్పష్టంగా ఉండటం దానిలో మెచ్చుకోవాల్సిన సంగతి. కానీ అవి ప్రధాన రోడ్లు. పాల ప్యాకెట్లూ, పేపర్లూ పంచేవాళ్లు తిరిగే కాలనీ రోడ్లు, బస్తీ సందులు వాటిలో లేవు. ఇదే నగరంలో 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభమైంది. ముచ్చటైన ట్రాకే, కాదనం. తెల్లారి నాలుగింటికి పేపర్ల కట్టలు వేసుకుని బయల్దేరే కుర్రాడు దాని మీద ఎక్కే అవకాశం మాత్రం ఉండదు.

జనం సొమ్మును జనానికే పరిహారంగా ఇస్తే లాభమేంటని అధికారులు అడుగుతారు. సరైన ప్రశ్నే. కొత్త రోడ్డు వేసిన కాంట్రాక్టరుకు లోపాల పూచీ కాలం ఉంటుంది, అంటే ఆలోపు రోడ్డు చెడితే బాధ్యత అతనిదే. దానికి డిపాజిట్ కూడా ఉంటుంది. ఆ కాలంలో పడ్డ గుంత వల్ల జరిగిన నష్టాన్ని డిపాజిట్‌లోంచి కోయాలి. రోడ్డు తవ్వడానికి అనుమతి తీసుకున్న సంస్థ సరిగా పూడ్చకపోతే దాని దగ్గరే వసూలు చేయాలి. ఇంజినీర్లు వానను తప్పుపడతారు. నీరు నిలిస్తే తారు కంకరను వదిలేస్తుందన్నది నిజమే, డ్రైనేజీ లేకుండా ఏ రోడ్డూ నిలవదు. మరి పూడ్చే పద్ధతి మాటేంటి? గుంత అంచులను నిలువుగా, చతురస్రంగా కోసి, దుమ్ము ఊడ్చి, పట్టు కోసం పలచని తారు ద్రావణం (ఎమల్షన్) పూసి, మిశ్రమం వేసి రోలర్‌తో నొక్కాలి. మన వీధుల్లో ట్రాక్టరు కంకర పోసి పోతుంది, నాలుగు వానలకు ఆ కంకరే రోడ్డంతా పరుచుకుని సైకిళ్లను జార్చి పడేస్తుంది. తన పింఛను డబ్బుతో ఏళ్ల తరబడి హైదరాబాద్ రోడ్ల గుంతలు పూడ్చిన ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి కథ దేశమంతా చదివి చప్పట్లు కొట్టింది. ఆ పని ఆయన ఎందుకు చేయాల్సి వచ్చిందని అడిగినవాళ్లు తక్కువ.

దొంగ క్లెయిములు వస్తాయన్న భయం కూడా అనవసరం. ఫొటో, చోటు, బిల్లు అడగండి, గరిష్ఠ పరిమితి పెట్టండి. ఫలానా చోట గుంత ఉందని పురపాలక యాప్‌లో ఎవరైనా ఫిర్యాదు చేసిన రోజునుంచి సంస్థకు ఆ సంగతి తెలిసినట్టే లెక్క. తెలిశాక పూడ్చకపోయినా, పూడ్చకుండానే ఫిర్యాదును మూసేసినా డబ్బు కట్టాలి. ఈ ఒక్క షరతు ఉంటే ఫిర్యాదుల పెట్టె ఎవరైనా తెరిచి చూస్తారు.

సైకిల్‌వాడు ఎక్కడికి వెళ్లాలి? దీనికి కొత్త కోర్టు అక్కర్లేదు. న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం కింద శాశ్వత లోక్ అదాలత్‌లు ఉన్నాయి. వాటిలో కోర్టు ఫీజు లేదు, వకీలు లేకుండానే వెళ్లొచ్చు. రవాణా, నీరు, కరెంటు, పారిశుధ్యం, ఆసుపత్రులు, బీమా వంటి ప్రజోపయోగ సేవల వివాదాలను అవి తీరుస్తాయి. చట్టంలో ఇచ్చిన ఆ జాబితాలో రోడ్ల నిర్వహణ పేరు లేదు. అయితే ప్రజాప్రయోజనం కోసం ఏ సేవనైనా అందులో చేర్చే అధికారాన్ని 22ఏ సెక్షన్ కేంద్రంతో పాటు రాష్ట్ర ప్రభుత్వాలకు కూడా ఇచ్చింది. దానికి శాసనసభలో బిల్లు పెట్టాల్సిన పనిలేదు, ఒక నోటిఫికేషన్ చాలు. హైదరాబాద్, అమరావతి ప్రభుత్వాలు రెండూ వచ్చే వానాకాలం మరమ్మతుల టెండర్లు పిలిచేలోగా ఆ నోటిఫికేషన్ ఇవ్వాలి. వస్తువు నష్టాన్ని డిపాజిట్‌లోంచి కోసే షరతును ఆ టెండర్లలోనే రాయాలి.